పదేండ్ల కొండల్

నైజాం పట్నంలో ఛత్రినాక గొల్లలు ఆ రోజుల్లో పాలు మోసుకుపోయేవాళ్ళు కారు, బర్రెనే తోలుకుపోయేవాళ్ళు. గిరాకీ ఇంటి ముందట బర్రెను నిలబెట్టి, చెంబును బోర్లించి లోపల చుక్క నీళ్ళు లేవని చూపించి, వాళ్ళ కళ్ళ ముందే పిండి ఇవ్వాలి. మాట మీద నమ్మకం తక్కువైన ఊళ్ళో కంటి మీద నమ్మకం పెట్టుకొని నడిచే వ్యాపారం అది. ముసలి ఆగయ్య మందలోని మంచి బర్రె రోజూ తెల్లవారగానే శాలిబండలో ఒక రాజావారి దేవిడికి పోయేది.

దేవిడి అంటే కోటలాంటి ఇల్లు. బయటి వాకిలి మగవాళ్ళది, లోపలి వాకిలి ఆడవాళ్ళది, దాన్ని జనానా అనేవాళ్ళు. నడుమ ఒక తలుపు, తలుపుకు మందపాటి గుడ్డ పరదా. ఆ ఇంటివాళ్ళు కాయస్తులు, పూజా పునస్కారం ఉన్నవాళ్ళే. కానీ తరతరాలుగా నైజాం కొలువులో మసలి మసలి ఉర్దూ మాటా, ఘోషా రెండూ వాళ్ళకు సొంతమైపోయాయి. పరాయి మగవాడు పరదా దాటడానికి లేదు. బర్రెను పిండేదేమో బయటి వాకిట్లో, వంటశాల ఉన్నదేమో లోపలి వాకిట్లో. పాలచెంబు అక్కణ్ణుంచి ఇక్కడికి చేరాలంటే ఆగయ్యకు మనవడు కావలసి వచ్చాడు.

మనవడి పేరు కొండల్. ఏడేళ్ళు నిండి కొన్ని నెలలయింది. చెంబును రెండు చేతులా పొట్టకు ఆనించుకొని, నురుగు ముక్కుకు అంటకుండా తల పక్కకు తిప్పుకొని, పరదా కిందినుంచి దూరిపోయేవాడు. పాలు వాడికి ఒక సాకు. పరదా అవతల వాడి తల్లి ఉంది.

వాడి తల్లి బాలమ్మ ఆ దేవిడిలో దాది. కిందటి చలికాలం ఆమెకు రెండో కాన్పయింది. పుట్టిన ఆడపిల్ల పురిటి మంచంలోనే పోయింది గానీ పాలు ఆగలేదు. ఆ రోజుల్లోనే దేవిడి చిన్నరాణి కొడుకును కన్నది, ఆమెకు పాలు పడలేదు. పాలు పోసే ఇంటి మనిషే, గట్టి మనిషి అని పెద్దరాణి కబురు పెట్టింది. ఆగయ్య భార్య ఎల్లమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేత్తో కోడలి మూట కట్టింది.

దాదిగా పోవడమంటే పొద్దున పోయి మాపటికి తిరిగివచ్చే పని కాదు. బాబు పాలు మానేదాకా గడప దాటొద్దు. వాళ్ళు పెట్టిందే తినాలి. మొగుణ్ణి చూడొద్దు, చూస్తే పాలు చెడుతాయనేవాళ్ళు. మళ్ళీ కడుపు నిలిస్తే పాలు ఇగిరిపోతాయన్న భయాన్ని మర్యాదగా అట్లా చెప్పేవాళ్ళు. కొండల్ తండ్రి అంజన్న రోజూ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఆ దేవిడి గోడ పక్కనుంచే నడిచేవాడు. గోడ అవతలి భార్య ముఖం మాత్రం అతనికి కనబడేది కాదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ తిరిగే మనిషి కొండల్ ఒక్కడే.

"బాపు ఏమన్నడు?" అని రోజూ అడిగేది బాలమ్మ, ఒళ్ళో చిన్నరాణి కొడుకు మున్నూబాబుకు పాలిస్తూ.

"ఏమనలే."

"ఏమనకుంటనే పంపిండా?"

"మంచిగున్నవా అని అడగమన్నడు. గది నేనన్నట్టు చెప్పకు అన్నడు."

బాలమ్మ బాబు ఉలిక్కిపడకుండా, కదలకుండా నవ్వేది. "మంచిగనే ఉన్న అన్నదని చెప్పు. నువ్వు అడిగితే అనలే, ఉత్తగనే అన్నదని చెప్పు."

బాబు తాగినంతసేపు కొండల్ దూరంగా స్తంభానికి ఆనుకొని కూర్చోవాలి. దిష్టి తగులుతుందని ఆ ఇంటివాళ్ళు పెట్టిన కట్టడి. బాబు పక్కకు తల వాల్చి నిద్రపోయాక, ఆమె వాణ్ణి ఉయ్యాలలో వేసి వచ్చి కొండల్‌ను పిలిచేది. చిక్కుపడ్డ జుట్టును వేళ్ళతో దువ్వేది. పాలు పడాలని తనకు పెట్టిన మెంతిలడ్డులో సగం దాచి వాడి చేతిలో పెట్టేది. అది చేదు. వాడు ముఖం వంకర పెట్టుకొని, ఇంతింత కొరుక్కొని తినేవాడు. లడ్డు అయిపోతే లేచి పోవాలి కదా.

పరదా దగ్గర కాపలా ఉండే రుక్మాబాయి ఒకరోజు కొండల్‌ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీ కొడుకు తాడిచెట్టు లెక్క పోతున్నడు గదా బాలమ్మా. పెద్దోడైతే లోపలికి రానియ్యరు, యాదున్నదా?"

ఆమె మామూలుగానే అన్నది. బాలమ్మ మాత్రం వాడి భుజం పట్టి చటుక్కున కింద కూర్చోబెట్టింది. "ఏం పెద్దోడక్కా. నిన్న మొన్న పుట్టినట్టున్నడు. నిలబడితే గట్ల పొడుగు కొడ్తడు, అంతే."

అప్పటిదాకా పెద్దవాడు కావడమంటే కొండల్‌కు పండుగే. పెద్దవాడైతే పైల్వాన్ పగ్గం పట్టొచ్చు. పైల్వాన్ అంటే ఆగయ్య దున్నపోతు. నల్లరాయి చెక్కినట్టుండేది. ఇంకొక సంగతీ ఉంది. ఒకనాడు అమ్మ వాడి తల నిమురుతూ "నువ్వు జల్ది పెద్దగైతే నాకీ కొలువెందుకురా, నీ చెయ్యి పట్టుకొని ఇంటికొస్త" అన్నది. తల్లులు అట్లాంటి మాటలు రోజూ అంటారు, అన్నది మరిచిపోతారు. వాడు మరిచిపోలేదు. ఇప్పుడు రుక్మాబాయి మాట ఇంకో దిక్కుకు లాగింది. పెద్దవాడైతే అమ్మ ఇంటికి వస్తుంది. పెద్దవాడైతే అమ్మ దగ్గరికి పోనివ్వరు. ముందు ఏది జరుగుతుంది? ఒకటి జరిగి రెండోది జరగకపోతే?

ఆ మధ్యాహ్నం కుంటలో పైల్వాన్‌ను పీచుతో రుద్దుతూ తాతను అడిగాడు.

"తాతా, పెద్దోడంటే ఎప్పుడైతరు?"

"ఎవడు?"

"ఎవడన్న."

"పోతు గుంజినా కాలు కదపకుండ పగ్గం పట్టి నిలబడ్డనాడు" అన్నాడు ఆగయ్య.

ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగాడు. "తిన్న కంచం తనే కడుక్కున్ననాడు. గా లెక్కన మీ తాత ఇంకా కాలే" అన్నది ఎల్లమ్మ.

సాయంత్రం తండ్రిని అడిగాడు. అంజన్న కొడవలికి పదును పెట్టడం ముగించాడు. తర్వాత "అడగాలనుకున్నది అడగకుండ ఊకున్ననాడు" అన్నాడు. అదేం జవాబో కొండల్‌కు అర్థం కాలేదు.

ఎందుకైనా మంచిదని వాడు ఎదగకుండా ఉండడానికి చూశాడు. పరదా దాటేటప్పుడు మోకాళ్ళు వంచి నడిచేవాడు. జొన్నరొట్టెలో సగం తిని, మిగతా సగం ఎవరూ చూడకుండా దూడకు పెట్టేవాడు. కింది పన్ను ఒకటి కదులుతుంటే దానికి నాలుక తగలనిచ్చేవాడు కాదు. ఎల్లమ్మ వాడి పక్కటెముకలు తడిమి "వీనికి ఏం ఫికర్ పట్టింది? తిన్నది ఎటు పోతున్నది?" అని లొల్లి పెట్టేది. దూడ మాత్రం నున్నగా తయారైంది.

దీపావళి వచ్చింది. జర్మనీ లడాయి మొదలైందట అని బజారులో చెప్పుకుంటున్న ఏడు అది. దీపావళి తెల్లవారి గొల్లల సదర్. దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడకు గవ్వల పట్టీలు కట్టి, డప్పులతో తమ గిరాకీల ఇళ్ళ ముందుకు తోలుకుపోతారు. ఒక్కో వాకిట్లో పోతును ముందరి కాళ్ళెత్తి నిలబడేటట్టు చేస్తారు. చేయించినవాడికి ఆ ఏడాదంతా పేరు.

ఆగయ్య ఇంట్లో ఆ పని అంజన్నది. పండుగకు ముందు బర్రె తొక్కి అంజన్న పాదం వాచింది. ఆగయ్యకు నడుము వంగడం లేదు. వానాకాలమంతా పైల్వాన్‌ను రుద్దినవాడు కొండల్. వాడు నాలుకతో టక్కుమనిపిస్తే పోతు ముందరి కాళ్ళు లేపుతున్నదని ఆగయ్య ఎన్నోసార్లు చూశాడు.

"ఈసారి పగ్గం నువ్వు పడ్తవురా" అన్నాడు.

కొండల్ పోతు వైపు చూశాడు. "పడితే పెద్దోణ్ణయినట్టేనా?"

"ఐనట్టే గాదు, ఐనవ్."

"అమ్మ చూస్తదా?"

"చిల్మన్ యెనక దేవిడి ఆడోళ్ళంత ఉంటరు. మీ అమ్మ ఉండదా ఏంది?"

దాంతో వాడి గుంజాటన తీరిపోయింది. పోతు పగ్గం పట్టి నిలబడ్డ కొడుకును అమ్మ కళ్ళారా చూస్తుంది. చూసి మూట సర్దుకుంటుంది. మోకాళ్ళు వంచుకొని నడిచే పని ఇంక ఉండదు. ఆ రాత్రి వాడు రొట్టె మొత్తం తిన్నాడు.

పొద్దున ఆగయ్య తన రుమాలు వాడి తలకు చుట్టాడు. అంజన్న మంచం మీదనే కూర్చొని, దీపం మసి వేలికి అంటించి వాడికి మీసం గీశాడు. గీసి కొంచెం వెనక్కి జరిగి చూసుకున్నాడు. "మీ అమ్మకు మంచిగ కనబడేటట్టు నిలబడు" అన్నాడు. 

దేవిడి బయటి వాకిలి నిండిపోయింది. మీద మేడకు పొడుగునా చిల్మన్‌లు, సన్నటి వెదురు తెరలు, వేలాడుతున్నాయి. వాటి వెనక గాజుల చప్పుడు, అణిచిపెట్టిన నవ్వులు. ఎవరి ముఖమూ కనబడదు. కొండల్ పగ్గాన్ని పోతు గదవ దగ్గరికంటా పొట్టిగా పట్టాడు. డప్పులు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. పైల్వాన్ బెదిరి పక్కకు గుంజింది. వాడి మడమలు రాళ్ళ మీద జారాయి. జారినా పగ్గం వదల్లేదు, మళ్ళీ కాళ్ళు ఊనుకొని నిలబడి నాలుకతో టక్కుమనిపించాడు. పోతు ముందరి కాళ్ళు రెండూ గాలిలోకి లేచాయి. వాడి రుమాలు మీదుగా, డప్పుల వాళ్ళ తలల మీదుగా లేచి, కొమ్ములు చిల్మన్ ఎత్తుదాకా పోయినట్టు కనిపించింది. మేడ మీద నుంచి "వాహ్ వాహ్" అని ఒకటే సందడి.

ఆగయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరూ గమనించలేదు.

కాసేపటికి రుక్మాబాయి పెద్దరాణి మాట పట్టుకొని కిందికి వచ్చి పరదా ముందు నిలబడింది. "రాణీమా అడుగుతున్నది. ఈ జవాన్ ఎవరు, ఉమర్ ఎంత?"

"మా మనవడే తల్లీ. రోజు పాలచెంబు తెచ్చే పిల్లగాడే. ఉమరంటే..." అని ఆగయ్య తల గోక్కున్నాడు. వాళ్ళ ఇళ్ళలో పిల్లల వయసు ఏ బర్రె ఏ ఈత ఈనిందో దాన్నిబట్టి లెక్క. ఆ హడావిడిలో ఆయనకు బర్రె గుర్తు రాలేదు.

కొండల్ మేడ వైపు తల ఎత్తాడు. ఏ చిల్మన్ వెనక అమ్మ ఉందో తెలియదు. అందుకే అన్నిటికీ వినబడేటట్టు, గొంతు లావు చేసుకొని "పదేండ్లు" అన్నాడు. రెండు చేతుల వేళ్ళు అయిపోయేదాకా వాడికి వచ్చిన లెక్క అంతే. అంతకంటే పెద్ద వయసు వాడికి తెలియదు.

ఆగయ్యకు అనుమానం వచ్చింది. వచ్చినా, అంతమంది ముందు మనవడి మాట తీసెయ్యబుద్ధి కాలేదు. "ఔ, పదుంటయ్. మా ఇంట్ల ఇంకొక మొగోడైండు రాణీమా" అని నడుము నొప్పి మరిచి వంగి సలాం చేశాడు.

మేడ మీదనుంచి ఎర్ర పట్టు రుమాలు ఒకటి ఇనాముగా దిగివచ్చింది.

ఆ సాయంత్రం కొండల్ ఆ రుమాలు తల మీదినుంచి తీయనివ్వలేదు. వాకిట్లో కూర్చొని సందు మొగదల వైపు చూస్తూ ఉన్నాడు. చెమటకు మీసం చెంప దాకా పాకింది. "ఎవని కోసంరా?" అని ఎల్లమ్మ అడిగితే "ఎవరి కోసం లేదు" అన్నాడు. జట్కా చప్పుడు వినబడినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. చివరికి ఆగయ్య వాణ్ణి ఎత్తుకొనిపోయి పడుకోబెట్టాడు.

మరునాడు చెంబు పొట్టకు ఆనించుకొని పరదా దగ్గరికి పోతే, రుక్మాబాయి దారికి అడ్డంగా కూర్చొని ఉంది. చెయ్యి చాపింది.

"చెంబు ఇటియ్యి."

"నేను తీస్కపోత."

"నిన్నటిదాక తీస్కపోయినవ్. రాణీమా హుకుం అయింది. పదేండ్ల మొగపిల్లగాడు జనానాలకు ఎట్లొస్తడు?"

"నాకు పది లేవు. ఏడే."

"నిన్న అందరి ముందర పదంటివి గద."

"గది... పోతును పట్టిన గదా, గందుకని అన్న."

రుక్మాబాయి చెడ్డమనిషి కాదు. వాడి ముఖం వైపు చూడకుండా చెంబు అందుకుంది. "నేనేం చెయ్యాలె బేటా. నిన్నటి మాట రాణీమా విన్నది. ఇయ్యాల్టి మాట నేనొక్కదాన్నే విన్న."

పరదా అవతల మున్నూబాబు ఏడుపు, ఆ ఏడుపును ఊరడిస్తున్న గొంతు వినబడ్డాయి. కొండల్ "అమ్మా" అని ఒక్క కేక పెట్టాడు. ఊరడిస్తున్న గొంతు ఆగిపోయింది. బాబు ఏడుపు మాత్రం ఆగలేదు. కాసేపటికి ఆ గొంతు మళ్ళీ బాబును ఊరడించడం మొదలుపెట్టింది.

ఆగయ్య పరుగున వచ్చాడు. "తల్లీ, ఏడే తల్లీ. మా బట్టబర్రె తొలి ఈత ఈనిన ఏడు పుట్టిండు. ఇప్పుడు యాదికొచ్చింది. పెద్దరాణికి ఒక్క మాట చెప్పు."

రుక్మాబాయి లోపలికి పోయి వచ్చింది. తల దించుకొని చెప్పింది. "నిన్న ఉన్నయన్నడు, ఇయ్యాల లేవంటున్నడు. గడికోమాట మార్చే మనిషి తెచ్చే పాలు మా ఇంట్ల ఎట్ల తాగాలె, అని అడిగింది."

ఆగయ్య రోజూ చెంబు బోర్లించి చూపించి బతికే మనిషి. ఇంకొక్క మాట అంటే చెంబుకే మచ్చ. చెంబుకు మచ్చ అంటే శాలిబండలో ఏ వాకిలీ తెరుచుకోదు. "పోనియ్యి బిడ్డా, నాలుగు దినాలాగితే అమ్మగారి కోపం సల్లబడ్తది" అంటూ మనవడి చెయ్యి పట్టుకొని నడిచాడు. ఆ రోజు మిగతా ఇళ్ళ పాలు పిండుతున్నంతసేపు ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

కొండల్ నాలుగు రోజులు ఆగలేదు. పదేళ్ళవాణ్ణని ఒక్క మాటతో నమ్మారు. ఏడేళ్ళని చెబితే నమ్మలేదు. అంటే మాటతో అయ్యే పని కాదు, కళ్ళకు చూపించాలని వాడికి తోచింది. గొల్ల ఇంట పుట్టిన పిల్లవాడికి అట్లా తోచడంలో వింత లేదు.

మరునాడు కార్తీకమాసపు చలిగాలి. ఆగయ్య బర్రె కింద కూర్చొని పిండుతున్నాడు. కొండల్ నీళ్ళతొట్టి చాటుకు పోయి అంగీ విప్పాడు, లాగు విప్పాడు. రెండూ మడిచి తొట్టి గట్టు మీద పెట్టాడు. మొలతాడు ఒక్కటి మిగిలింది. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి పరదా వైపు పాకడం మొదలుపెట్టాడు.

మున్నూబాబు ఆ మధ్యనే పాకడం నేర్చాడు. ఎట్లా పాకుతాడో కొండల్ రోజూ స్తంభం దగ్గర కూర్చొని చూసిందే. ఒక కాలు ఈడుస్తాడు, ఆగి వెనక్కి చూస్తాడు, నోట్లో వేలు పెట్టుకుంటాడు. వాడూ ఒక కాలు ఈడ్చాడు. ఆగి వెనక్కి చూశాడు. నోట్లో వేలు పెట్టుకున్నాడు.

గేటు దగ్గర కాపలా ఉండే అరబ్బు ముసలాయన ముందు చూశాడు. అందరూ ఆయనను చావూష్ అనేవాళ్ళు. "ఓ పదేండ్ల జవాన్, నీ పోతు ఏది? నీ లంగోటీ ఏది?" అని కడుపు పట్టుకొని నవ్వాడు. గుర్రపుబండి వాళ్ళు వచ్చి చేరారు. నీళ్ళు మోసే భిస్తీ తోలుసంచి దించి నిలబడ్డాడు. ఎవరో కేరింతలు కొట్టారు. కొండల్‌కు ఆ నవ్వులు చెడ్డగా అనిపించలేదు. మున్నూబాబు పాకినప్పుడు కూడా అందరూ నవ్వుతారు. పని అవుతున్నదనే అనుకున్నాడు.

గడప దాకా పాకి, గడప మీద తల పెట్టుకొని, పసిపిల్లలు ఏడ్చే గొంతుతో "ఊఁ... ఊఁ" అన్నాడు.

రుక్మాబాయి పరదా తొలగించి చూసింది. ఆమె నవ్వలేదు. గిరుక్కున వెనుదిరిగి లోపలికి పోయింది. చావూష్ నవ్వు అప్పుడు ఆగయ్య చెవిన పడి, ఆయన చెంబు వదిలేసి లేచాడు. నడుము పట్టుకొని పరుగెత్తి, భుజం మీది తువ్వాలు వాడి మీద కప్పాడు. "ఏందిరా ఇది, ఏంది బిడ్డా ఇది" అంటూ నిలబెట్టబోతే వాడు నిలబడలేదు. నిలబడితే పొడుగు కొడతాడు మరి.

రుక్మాబాయి తిరిగి వచ్చింది. వంగి వాడి చెవి దగ్గర మెల్లగా అన్నది. "మీ అమ్మ మేడ మీదనే ఉన్నది. చూసింది."

కొండల్ నోట్లోంచి వేలు తీశాడు. "ఏమన్నది?"

"అంగీ తొడుక్కోమన్నది. సలి పెడ్తదన్నది."

వాడు మేడ వైపు చూశాడు. వెదురు చిల్మన్‌లు అన్నీ ఒక్క తీరుగా వేలాడుతున్నాయి, ఒక్కటీ కదలలేదు. తర్వాత చుట్టూ నిలబడ్డవాళ్ళ ముఖాలు చూశాడు. చావూష్ ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాడు. కొండల్ తువ్వాలు కిందినుంచి రెండు చేతులూ తెచ్చి ముందు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వాడు దేవిడికి పోలేదు. బర్రె వెంట ఆగయ్య ఒక్కడే పోయాడు. కొండల్ మందతో చాంద్రాయణగుట్ట గడ్డి దిక్కు పోవడం మొదలుపెట్టాడు.

సంక్రాంతి కూడా రాకముందే రుక్మాబాయి మంచి కబురు చెప్పింది. బాలమ్మ చిన్నరాణి కాళ్ళు పట్టుకుందట. చిన్నరాణి అత్తగారిని బతిమాలిందట. పిల్లవాణ్ణి ఒకసారి పంపండి, పరదా అవతల తల్లితో కూర్చోనిస్తామని పెద్దరాణి ఒప్పుకుందట. ఆగయ్య ఉరుకుతూ ఇంటికి వచ్చాడు.

"కొండల్, పద బిడ్డా, మీ అమ్మను చూద్దువు."

కొండల్ గడ్డివాము మీదికి ఎక్కి కూర్చున్నాడు. "నేను రాను."

"ఎందుకు రావు?"

"నేను పెద్దోణ్ణి. జనానాలకు పెద్దోళ్ళు పోరు."

ఎల్లమ్మ తిట్టింది, ఆశ పెట్టింది, చింతబరికె కూడా తీసింది. వాడు దిగలేదు. ఆగయ్య మర్నాడు అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. అదే మాట. అవతల బాలమ్మ ఎన్నాళ్ళు పరదా వైపు చూస్తూ కూర్చుందో చెప్పేవాళ్ళు లేరు. చెప్పేవాడు కొండల్ ఒక్కడే, వాడే పోవడం లేదు. అంజన్నకు భార్య సంగతి తెలిసే దారి కూడా మూసుకుపోయింది. ఒకటి రెండు సార్లు అతను కొడుకు దగ్గర నిలబడి ఏదో అడగబోయాడు. మళ్ళీ కొడవలి తీసుకొని పోయాడు.

ఆగయ్య మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయేవాడు. "ఏడే అని నేనన్న అనాల్సి ఉండె. నాకనుమానం వచ్చింది, ఎల్లీ. వచ్చింది, ఊకున్న."

"ఎన్నిసార్లంటవు, తిను" అనేది ఎల్లమ్మ.

మరుసటి ఏడు బోనాలకు ముందు, రొమ్ముకు వేపాకు ముద్ద రాసి మున్నూబాబుకు పాలు మానిపించారు. బాలమ్మ ఒక మధ్యాహ్నం జట్కాలో వచ్చి దిగింది. ఒళ్ళు చేసి తెల్లబడింది. మాటల్లో ఉర్దూ ఎక్కువైంది. దిగీదిగగానే "కొండల్ ఏడి?" అని అడిగింది.

వాడు పొద్దుగూకే వేళకు మందతో వచ్చాడు. "మీ అమ్మొచ్చిందిరా, లోపలికి పో" అని ఎల్లమ్మ సందు మొగదలే ఎదురొచ్చి చెప్పింది. వాడు తల ఊపి బర్రెలను ఒక్కొక్కటే కట్టేశాడు. తండ్రి వెయ్యవలసిన గడ్డి కూడా తనే వేశాడు. కట్టేసినవాటి ముళ్ళు మళ్ళీ చూసుకున్నాడు. ఇంక చేయడానికి ఏ పనీ మిగలక ఇంటి గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

లోపల పొయ్యి వెలుగులో ఆమె వీపు కనబడుతున్నది. రొట్టె తడుతున్నది. పేరు పెట్టి పిలుస్తుందేమోనని వాడు కాసేపు చూశాడు. వాడు వచ్చి నిలబడ్డట్టు ఆమెకు తెలియదు. పిలుద్దామంటే ఏమని పిలవాలో వాడి నోటికి రాలేదు. కోడలు ఒంటరిగా ఉన్న ఇంట్లోకి వచ్చేటప్పుడు తాత ఏం చేస్తాడో అది గుర్తొచ్చింది. గొంతు లావు చేసుకొని, అచ్చం ఆగయ్య దగ్గినట్టే ఒక్క దగ్గు దగ్గాడు.

బాలమ్మ ఉలిక్కిపడి లేచింది. పిండి చేత్తోనే కొంగు తల మీదికి లాక్కొని, గోడ వైపు తిరిగి ఒదిగి నిలబడింది.

"నీళ్ళు గడప కాడ పెట్టిన మామా" అన్నది.

కొండల్ అటూ ఇటూ చూశాడు. వెనక ఎవరూ లేరు. చెంబు తీసుకొని కాళ్ళు కడుక్కున్నాడు.